క్షయ నుండి శక్తి వరకు: అనంతగిరి నేపథ్యంలో కండర జీవక్రియా విజ్ఞాన చరిత్ర

వ్యాససంగ్రహం: అస్థికండరం శక్తిని ఎలా పొందుతుంది, ఎలా ఖర్చు చేస్తుంది అన్న ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దం రెండు దశల్లో సమాధానం చెప్పింది. 1920లలో కండరంలోని శక్తిద్రవ్యాలు బయటపడ్డాయి. ఆ పరిశోధనలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు భాగస్వామి. 1985 తరవాత ఆ ద్రవ్యాల ఉత్పత్తిని కణకేంద్రకం నుండి అదుపు చేసే గ్రాహకాలు బయటపడ్డాయి. ఈ రెండు దశలకు మధ్య ఉన్న సంబంధాన్ని, తెలుగు ప్రాంతాల ఆహార, ఆరోగ్య చరిత్ర దానితో కలిసే చోట్లను, సుబ్బారావు కృషిని అంచనా వేయడంలో పాటించవలసిన జాగ్రత్తను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. క్షయరోగుల కొండగా పేరుపడిన వికారాబాద్ అనంతగిరి ఈ పరిశీలనకు నేపథ్యం.

కీలకపదాలు: అస్థికండరం, క్షయ, ఏటీపీ, ఫాస్ఫోక్రియాటిన్, కేంద్రక గ్రాహకాలు, సుబ్బారావు, అనంతగిరి, విజ్ఞాన చరిత్ర.

1. ఉపోద్ఘాతం

వికారాబాద్ పట్టణానికి సమీపంలోని అనంతగిరి కొండలు మూడు కారణాల వల్ల ప్రసిద్ధం. అక్కడ అనంతపద్మనాభస్వామి ఆలయం ఉంది. మూసీనది అక్కడే పుడుతుంది. ఒకప్పుడు హైదరాబాదు నుండి, చుట్టుపక్కల జిల్లాల నుండి క్షయరోగులను చికిత్సకు తీసుకువచ్చిన శానిటోరియం కూడా ఆ అడవి నడుమనే ఉంది. తెలంగాణలో ఒక తరం వారికి అనంతగిరి అంటే గుడికంటే ముందు ఆ ఆసుపత్రే గుర్తుకు వచ్చేది.

కొండ దిగి పడమటికి వెళితే తాండూరు. నాపరాతి గనులకు, కందిపంటకు పేరున్న ఊరు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. గనిలో బండను పగలగొట్టేవాడికీ, చేలో కంది కోసేవాడికీ కండబలమే పెట్టుబడి. ఒకే ప్రాంతంలో కొండమీద కండ కరిగిపోయిన మనుషులు, కొండకింద కండనే నమ్ముకున్న మనుషులు బతికారు. కండ ఎందుకు కరుగుతుంది, ఎలా నిలుస్తుంది అన్నది ఈ ప్రాంతానికి పుస్తకాల్లో మాత్రమే ఎదురయ్యే ప్రశ్న కాదు.

ఈ ప్రశ్నకు ఆధునిక జీవరసాయనశాస్త్రం ఇచ్చిన సమాధానాన్ని చారిత్రక క్రమంలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. విజ్ఞాన విషయాన్ని తెలుగులో చెప్పేటప్పుడు సాధారణంగా రెండు లోపాలు కనిపిస్తాయి. ఒకటి, విషయాన్ని చరిత్రనుండి విడదీసి నిర్వచనాల వరుసగా చెప్పడం. రెండు, చరిత్రను వ్యక్తిస్తుతిగా మార్చడం. సుబ్బారావు విషయంలో రెండవ లోపం మరీ ఎక్కువ. ఈ రెండింటినీ దాటే ప్రయత్నం అవసరం.

2. శోష, యక్ష్మ, క్షయ: పదాలలో దాగిన పరిశీలన

క్షయ అనే పదానికి తరుగుదల అని అర్థం. సంస్కృత వైద్యగ్రంథాలు ఈ వ్యాధిని రాజయక్ష్మ, శోష, క్షయ అనే పేర్లతో వ్యవహరించాయి. ఈ పేర్లలో ఏదీ ఊపిరితిత్తులను సూచించదు. శోష అంటే ఎండిపోవడం. క్షయ అంటే తగ్గిపోవడం. రోగి శరీరంలో కంటికి కనిపించే మార్పునే పూర్వ వైద్యులు వ్యాధికి పేరుగా పెట్టారు. రస, రక్త, మాంస, మేదో, అస్థి, మజ్జా, శుక్రాలనే ఏడు ధాతువులలో ఒకదానినుండి మరొకటి పోషణ పొందుతుందని, ఆ క్రమం దెబ్బతింటే మాంసధాతువు క్షీణిస్తుందని ఆయుర్వేదం భావించింది.

తెలుగు వాడుకలో శోష మరో అర్థాన్ని సంతరించుకుంది. శోషవచ్చి పడిపోవడమంటే ఒంట్లోని సత్తువ ఒక్కసారిగా జారిపోవడం. కండ, సత్తువ, బలం అనే మాటలు వాడుకలో ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. కండ ఉన్నవాడు అంటే బలం ఉన్నవాడనే అర్థం. కాని కండ ఉండడం, కండలో శక్తి ఉండడం వేరువేరు సంగతులు. ఈ తేడాను ప్రయోగం ద్వారా చూపడం ఇరవయ్యో శతాబ్దం వరకూ సాధ్యపడలేదు.

3. శానిటోరియం యుగం

క్షయకు మందు లేని కాలంలో చికిత్స అంటే మంచిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం. ఐరోపాలో పందొమ్మిదో శతాబ్దంలో మొదలైన ఈ పద్ధతి తెలుగునేలకు ఇరవయ్యో శతాబ్దపు రెండవ దశకంలో వచ్చింది. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం శానిటోరియం ఇందులో ముందు వరుసలోనిది. డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ నేతృత్వంలో అది దక్షిణ భారతమంతటికీ పేరుపొందింది. నిజాం రాష్ట్రపు పరిధిలో చెట్లనీడ, ఎత్తు, చల్లదనం ఉన్న అనంతగిరి అలాంటి చికిత్సకు తగిన చోటైంది.

శానిటోరియంలో రోగి బరువు తూచడం నిత్యకృత్యం. బరువు పెరిగితే కోలుకుంటున్నట్టు, తగ్గితే ప్రమాదమన్నట్టు. అంటే క్షయ అనే పదంలో ఉన్న పరిశీలనే త్రాసుమీద అంకెగా మారింది. బరువు తగ్గడానికి కారణం సూక్ష్మజీవి అని 1882లో రాబర్ట్ కాక్ చూపినా, సూక్ష్మజీవి ఊపిరితిత్తిలో ఉంటే తొడ కండ ఎందుకు కరగాలి అన్న ప్రశ్న మిగిలిపోయింది.

1952లో ఐసోనియాజిడ్ రావడంతో చికిత్సా విధానం మారింది. 1956లో మద్రాసులో ప్రారంభమైన క్షయ రసాయనచికిత్సా కేంద్రం ఒక ముఖ్యమైన ప్రయోగం చేసింది. కొందరు రోగులను శానిటోరియంలో ఉంచి, కొందరిని ఇళ్లలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చి పోల్చింది. పేద ఇళ్లలో, తక్కువ తిండితో, పనిచేసుకుంటూ ఉన్నవారు కూడా దాదాపు సమానంగానే కోలుకున్నారని 1959లో వెలువడిన ఫలితాలు చూపాయి. ఈ ఒక్క అధ్యయనం ప్రపంచవ్యాప్తంగా శానిటోరియాల అవసరాన్ని తగ్గించివేసింది. అనంతగిరి వంటి సంస్థలు కట్టుకున్న నమ్మకం పునాది కదిలింది. అయితే మందు పనిచేయడానికి మంచం అవసరం లేదని ఆ అధ్యయనం చూపిందే తప్ప, ఆహారానికీ వ్యాధికీ సంబంధం లేదని చెప్పలేదు. ఈ రెండింటినీ ఒకటిగా చదవడం వల్ల ఆహారం చాలాకాలం వెనకబడింది.

4. కండరంలోని ఫాస్ఫరస్: 1922 నుండి 1930 వరకు

1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్యకళాశాలలో చదివారు. సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ వ్యాధితో మరణించారు. తిన్నది ఒంటబట్టక మనిషి చిక్కిపోయే జబ్బు అది. శరీరం కరిగిపోవడమంటే ఏమిటో ఆయనకు ఇంట్లోనే తెలిసింది. చదువు ముగిశాక మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించారు. ఆ కళాశాలను నడిపిన ఆచంట లక్ష్మీపతి, విజ్ఞానచంద్రికా మండలి ద్వారా తెలుగులో విజ్ఞానగ్రంథాలు వెలువరించినవారిలో ఒకరు. 1906లో హైదరాబాదులో ఏర్పడిన ఆ మండలి చరిత్రనూ, సుబ్బారావు జీవితాన్నీ కలిపే సన్నని దారం ఇది. తెలుగులో విజ్ఞానం రాసే ప్రయత్నమూ, ప్రయోగశాలలో విజ్ఞానం సృష్టించే ప్రయత్నమూ ఒకే కళాశాల ఆవరణలో తారసపడ్డాయి.

1922 అక్టోబరులో సుబ్బారావు బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొంది, జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే వద్ద పనికి కుదిరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలవడం అక్కడి తొలి పని. ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసి, తగిన క్షయకరణి తోడైతే నీలిరంగు ఇస్తుంది. రంగు ఎంత గాఢంగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఉన్నట్టు. 1925లో వెలువడిన ఈ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి ఆ తరవాత దశాబ్దాలపాటు జీవరసాయన ప్రయోగశాలల్లో నిత్యవాడుకలో నిలిచింది.

ఈ పద్ధతిని కండరపు సారానికి వర్తింపజేసినప్పుడు రంగు రావలసినంత వేగంగా రాలేదు. నెమ్మదిగా, ఆలస్యంగా పెరుగుతూ పోయింది. పద్ధతిలో లోపమని దీనిని కొట్టిపారేయవచ్చు. కాని వారు కారణం వెతికారు. కండరంలో ఉన్న ఏదో అస్థిరమైన సంయోగపదార్థం ఆమ్లంలో కొద్దికొద్దిగా విడిపోతూ ఫాస్ఫేటును వదులుతోందని తేలింది. అది క్రియాటిన్, ఫాస్ఫారికామ్లం కలిసిన ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఈ విషయాన్ని ప్రకటించారు. కండరాన్ని విద్యుత్తుతో ఉత్తేజపరిస్తే ఇది తగ్గిపోతుందనీ, విశ్రాంతి ఇస్తే తిరిగి ఏర్పడుతుందనీ చూపారు. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అంటే ఏటీపీ, కండరంలో ఉన్నట్టు వెల్లడించారు.

అప్పటివరకు ప్రబలంగా ఉన్న సిద్ధాంతం వేరు. లాక్టికామ్లం ఏర్పడడమే కండర సంకోచానికి కారణమని భావించేవారు. కండరంలోని ఉష్ణం, లాక్టికామ్లాలపై చేసిన పరిశోధనలకు ఆర్చిబాల్డ్ హిల్, ఆటో మైయరాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఐనర్ లుండ్స్‌గార్డ్ అయోడోఎసిటేట్ ఇచ్చిన కండరం లాక్టికామ్లం లేకుండానే సంకోచిస్తుందనీ, ఆ సమయంలో ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చవుతుందనీ నిరూపించాడు. హిల్ స్వయంగా ఈ మార్పును కండర శరీరధర్మశాస్త్రంలో విప్లవమని ఒప్పుకున్నాడు. 1939లో ఎంగెల్‌హార్ట్, ల్యుబిమోవా దంపతులు సంకోచించే ప్రోటీనైన మయోసినే ఏటీపీని విడగొడుతుందని చూపారు. 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ ఫాస్ఫేటు బంధాలద్వారా శక్తి బదిలీ అయ్యే భావనను స్థిరపరిచాడు. దానితో ఏటీపీ కణానికి శక్తినాణెమన్న భావన నిలబడింది.

5. ఎవరిది తొలి అడుగు?

తెలుగు పత్రికల్లో, ప్రసంగాల్లో ఏటీపీని సుబ్బారావు ఒక్కరే కనుగొన్నారని, ఆయనకు రావలసిన నోబెల్ అన్యాయంగా తప్పిపోయిందని తరచు వినిపిస్తుంది. ఆధారాలను వరుసలో పెడితే చిత్రం కొంత భిన్నంగా కనిపిస్తుంది.

అస్థిరమైన ఫాస్ఫరస్ పదార్థం కండరంలో ఉన్నట్టు 1927లోనే ఇంగ్లండులో ఫిలిప్, గ్రేస్ ఎగిల్‌టన్ దంపతులు కూడా గమనించారు. దానికి ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు. అది క్రియాటిన్‌తో కూడిన పదార్థమని రసాయనికంగా గుర్తించిన ఘనత ఫిస్కే, సుబ్బారావులది. ఏటీపీ విషయంలో జర్మనీలో కార్ల్ లోమన్ ప్రకటన 1929లో కొద్ది నెలలు ముందుగా అచ్చయింది. హార్వర్డ్ ప్రకటన అదే ఏడాది అక్టోబరులో వెలువడింది. రెండు ప్రయోగశాలలు పరస్పరం ఆధారపడకుండా ఒకే పదార్థాన్ని చేరాయి. కాబట్టి ఏటీపీకి స్వతంత్ర సహ-ఆవిష్కర్తలలో సుబ్బారావు ఒకరనడం సరైన మాట.

ఇలా చెప్పడం వల్ల ఆయన స్థానం తగ్గదు. ఆయనకు జరిగిన నష్టం ఏదైనా ఉంటే అది మరోచోట ఉంది. ఫిస్కే ప్రయోగశాలలోనే శిక్షణ పొంది, 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్, సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లు ప్రచురణకు నోచుకోక, ఇతరులు తరవాత మళ్లీ కనుగొనవలసి వచ్చిందని చెప్పాడు. అచ్చుకాని పనికి చరిత్రలో చోటు దొరకదు. ఒక్కరే కనుగొన్నారనే అతిశయోక్తి ఈ అసలైన నష్టాన్ని కప్పివేస్తుంది. నిరూపించలేని పెద్దమాట ఒకటి కూలితే, నిరూపించగల నిజం కూడా దానికింద పడిపోతుంది.

1940లో సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలకు మారారు. అక్కడ ఫోలికామ్లం సంశ్లేషణ, బోదవ్యాధి చికిత్సకు వాడిన డైఇథైల్‌కార్బమజైన్, ఆరియోమైసిన్ వంటి ఫలితాలు ఆయన నాయకత్వంలోని బృందాలనుండి వచ్చాయి. సోదరులను తీసుకుపోయిన స్ప్రూ వ్యాధికి ఫోలికామ్లం ఉపకరించడం ఆయన జీవితంలోని విశేషం. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో ఆయన మరణించారు. కండరంపై పని అప్పటికి ఆయన జీవితంలో పాత అధ్యాయం.

6. కేంద్రక గ్రాహకాలు వెలుగులోకి రావడం

ఏటీపీ నాణెమని తెలిశాక సహజంగా పుట్టే ప్రశ్న ఒకటుంది. ఏ కండరంలో ఎంత నాణెం, ఏ ఇంధనంతో, ఎంత వేగంగా తయారుకావాలో ఎవరు నిర్ణయిస్తారు? పరుగు అలవాటైన కాలిలో మైటోకాండ్రియాలు ఎక్కువ. పడకపట్టిన మనిషి కాలిలో తక్కువ. ఇద్దరి జన్యువులు ఒక రకమైనవే అయినా కండలు వేరుగా ఉంటాయి. కాబట్టి జన్యువులు పలికే తీరులో తేడా ఉండాలి.

దీనికి సమాధానం హార్మోన్ల పరిశోధన నుండి వచ్చింది. 1950ల చివర ఎల్‌వుడ్ జెన్సన్ రేడియోధార్మిక ఈస్ట్రోజెన్‌ను వాడి, కొన్ని కణజాలాలు ఆ హార్మోన్‌ను పట్టి ఉంచుతున్నాయని చూపాడు. పట్టి ఉంచే ప్రోటీనే గ్రాహకం. 1985లో రోనాల్డ్ ఎవాన్స్ బృందం గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకపు జన్యుక్రమాన్ని వెలికితీసింది. 1986లో థైరాయిడ్ గ్రాహకం, 1987లో ఎ విటమిన్‌నుండి వచ్చే రెటినాయికామ్లపు గ్రాహకం తెలిశాయి. ఫ్రాన్సులో పియర్ షాంబోన్ బృందం ఇదే కాలంలో సమాంతరంగా పనిచేసింది. ఈ ముగ్గురికీ 2004లో లాస్కర్ పురస్కారం లభించింది.

వేరువేరుగా కనిపించిన హార్మోన్లు, విటమిన్లు ఒకే కుటుంబానికి చెందిన ప్రోటీన్ల ద్వారా పనిచేస్తున్నాయన్నది అసలైన ఆవిష్కరణ. మనిషిలో ఈ కుటుంబ సభ్యులు 48. ప్రతి గ్రాహకంలో డీఎన్ఏను పట్టుకునే భాగం ఒకటి, కొవ్వులో కరిగే చిన్న అణువును పట్టుకునే భాగం మరొకటి ఉంటాయి. అణువు వచ్చి చేరగానే గ్రాహకపు ఆకృతి మారుతుంది. అప్పుడు సహాయక ప్రోటీన్లు చేరి ఫలానా జన్యువును చదవమనో, ఆపమనో ఆదేశిస్తాయి. ఇందుకే వీటిని కేంద్రక గ్రాహకాలన్నారు. కొన్నింటికి తగిన అణువు తెలియనందున అనాథ గ్రాహకాలన్న పేరు వచ్చింది.

1990లో కొవ్వుల వినియోగాన్ని నియంత్రించే పీపీఏఆర్ అనే గ్రాహకం కనుగొన్నారు. దీనిలో ఆల్ఫా, డెల్టా, గామా అనే మూడు రకాలున్నాయి. అస్థికండరంలో డెల్టా ప్రధానం. కొవ్వామ్లాలే దానికి సంకేతాలు. అంటే ఇంధనమే తనను కాల్చే యంత్రాంగాన్ని పిలుస్తుంది.

7. నాణెమే వార్తగా మారడం

1998లో బ్రూస్ స్పీగెల్‌మన్ బృందం పీజీసీ-1 ఆల్ఫా అనే సహోత్తేజక ప్రోటీన్‌ను గుర్తించింది. ఇది సొంతంగా డీఎన్ఏను పట్టదు. పీపీఏఆర్‌లతో, ఈఆర్ఆర్ అనే అనాథ గ్రాహకాలతో, ఇతర అనులేఖన కారకాలతో జతకట్టి మైటోకాండ్రియాల తయారీకి కావలసిన జన్యువులను మేల్కొలుపుతుంది. 2002లో అదే బృందం ఎలుక కండరంలో ఈ ప్రోటీన్‌ను పెంచి, తెల్లని వేగతంతువులు ఎర్రని మందతంతువుల లక్షణాలు పొందుతాయని చూపింది. వేగతంతువులు క్షణికమైన బలానికి, మందతంతువులు దీర్ఘకాలపు ఓర్పుకు ఉద్దేశించినవి.

2004లో ఎవాన్స్ బృందం కండరంలో పీపీఏఆర్-డెల్టాను నిరంతరం చురుకుగా ఉంచిన ఎలుకలను సృష్టించింది. అవి మామూలు ఎలుకలకంటే సుమారు రెట్టింపు దూరం పరుగెత్తాయి. 2008లో విహంగ్ నార్కర్ తదితరులు ఆ గ్రాహకాన్ని ఉత్తేజపరిచే మందును పరీక్షించారు. కదలని ఎలుకలకు మందు ఒక్కటే ఇస్తే ఓర్పు పెరగలేదు. వ్యాయామంతో కలిపి ఇస్తేనే పరుగు దాదాపు 70 శాతం పెరిగింది. ఏఎంపీకే అనే ఎంజైమును ఉత్తేజపరిచే మరో మందు మాత్రం వ్యాయామం లేకుండానే 44 శాతం పెంచింది. ఈ ఏఎంపీకే ఏమిటో తెలిస్తే సుబ్బారావు కాలానికి, ఈ కాలానికి మధ్య వంతెన కనిపిస్తుంది.

కండరం పనిచేసినప్పుడు ఏటీపీ ఒక ఫాస్ఫేటును కోల్పోయి ఏడీపీ అవుతుంది. ఫాస్ఫోక్రియాటిన్ వెంటనే తన ఫాస్ఫేటునిచ్చి దానిని తిరిగి ఏటీపీగా మారుస్తుంది. తీవ్రమైన శ్రమలో ఈ నిల్వ కొద్ది సెకన్లే ఆదుకుంటుంది. తరవాత రెండు ఏడీపీలు కలిసి ఒక ఏటీపీని, ఒక ఏఎంపీని ఇస్తాయి. ఏఎంపీ పేరుకోవడమంటే ఖజానా ఖాళీ అవుతున్నట్టు. ఏఎంపీకే ఈ సంగతిని పసిగట్టి పీజీసీ-1 ఆల్ఫాకు ఫాస్ఫేటు తగిలిస్తుంది. పీజీసీ-1 ఆల్ఫా గ్రాహకాల వద్దకు చేరి కొత్త మైటోకాండ్రియాలకు ఆదేశమిస్తుంది. అంటే 1920లలో కేవలం శక్తిద్రవ్యాలుగా గుర్తించిన అణువుల కుటుంబమే కేంద్రకానికి సమాచారం కూడా పంపుతోంది. సుబ్బారావు ఈ సంగతిని ఊహించారని చెప్పడానికి ఆధారం లేదు. అలా చెప్పనవసరం కూడా లేదు. ఆయన కొలిచిన పదార్థం తరవాతి తరాల చేతిలో కొత్త అర్థం సంతరించుకుంది. విజ్ఞానంలో పూర్వుల పని బతికి ఉండడమంటే ఇదే.

ఈ కథలో ఒక హెచ్చరిక కూడా ఉంది. పీపీఏఆర్-డెల్టా మందు జంతువుల్లో క్యాన్సరుకు దారితీయడంతో దాని అభివృద్ధిని ఆపివేశారు. అయినా అది క్రీడాకారుల చేతుల్లోకి చేరింది. 2013లో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ దాని ప్రమాదం గురించి బహిరంగంగా హెచ్చరించింది. కేంద్రక గ్రాహకం ఒకే జన్యువును కాక వందల జన్యువులను కదిలిస్తుంది. కండరంలో మేలు చేసే ఆదేశం మరో అవయవంలో కీడు చేయవచ్చు.

8. దక్కను ఆహారం, కేంద్రక గ్రాహకాలు

కేంద్రక గ్రాహకాలకు సంకేతాలిచ్చే అణువుల్లో అనేకం ఆహారంతో ముడిపడినవి. అందువల్ల పోషకాహార చరిత్ర ఈ విజ్ఞానానికి వెలుపలిది కాదు. తెలుగువారి కృషితోనూ, హైదరాబాదుతోనూ సంబంధమున్న మూడు ఉదాహరణలు ఇక్కడ ప్రస్తావించదగినవి.

మొదటిది అయోడిన్. థైరాయిడ్ హార్మోన్ తయారీకి అది తప్పనిసరి. ఆ హార్మోన్ కేంద్రక గ్రాహకం ద్వారా కండరపు సంకోచవేగాన్ని, ఉష్ణోత్పత్తిని, మైటోకాండ్రియాల పనిని ప్రభావితం చేస్తుంది. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి, సహచరులతో కలిసి 1956నుండి హిమాలయ పాదాల్లోని కాంగ్రా లోయలో అయోడిన్ ఉప్పును పరీక్షించి, గలగండవ్యాధి తగ్గుతుందని నిరూపించారు. 1962లో మొదలైన జాతీయ గలగండ నియంత్రణ కార్యక్రమానికి అది పునాది.

రెండవది నియాసిన్. దక్కను పీఠభూమిలో జొన్నే ప్రధానాహారమైన పేదల్లో పెల్లాగ్రా కనిపించేది. 1918లో కూనూరులో చిన్న విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్న సంస్థ దీనిని అధ్యయనం చేసింది. జొన్నలోని అధిక ల్యూసిన్ ఇందుకు కారణం కావచ్చని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన తరవాత చర్చకు లోనైనా, ఒకే ధాన్యంపై బతికే పేదరికాన్ని అది ప్రపంచం దృష్టికి తెచ్చింది. నియాసిన్‌నుండి శరీరం ఎన్ఏడీ అనే అణువును తయారుచేస్తుంది. సర్ట్1 అనే ఎంజైము ఎన్ఏడీ ఉంటేనే పీజీసీ-1 ఆల్ఫాను చురుకుపరుస్తుంది. సుబ్బారావు కూడా 1938 ప్రాంతంలో నికోటినికామ్లం, కుక్కలలో పెల్లాగ్రాను పోలిన నల్లనాలుక వ్యాధిపై పనిచేశారు.

మూడవది ఎ విటమిన్. దాని లోపంవల్ల పిల్లల్లో వచ్చే అంధత్వాన్ని నివారించడానికి ఆరునెలలకు ఒకసారి పెద్దమోతాదు ఇచ్చే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది. దానికి ఆధారమైన పరిశోధన హైదరాబాదు సంస్థది. ఎ విటమిన్ ఉత్పన్నాలు ఆర్ఎక్స్ఆర్ అనే గ్రాహకాన్ని కూడా పట్టుకోగలవు. థైరాయిడ్ గ్రాహకం, డి విటమిన్ గ్రాహకం, పీపీఏఆర్‌లు ఆర్ఎక్స్ఆర్‌ను జతచేసుకునే పనిచేస్తాయి. వేరువేరు లోపాలుగా చూసిన జబ్బులు కణంలో ఒకే కూడలి దగ్గర కలుస్తున్నాయి. 1970లో కార్యక్రమం రూపొందించినవారికి ఈ గ్రాహకాలు తెలియవు. అయినా వారి నిర్ణయం సరైనదే. యంత్రాంగం తెలిసేదాకా ఆకలి ఆగదు కనుక, ప్రజారోగ్యం తరచు విజ్ఞానంకంటే ముందే నడవవలసి వస్తుంది.

9. తిరిగి క్షయవైపు

ఊపిరితిత్తిలో సూక్ష్మజీవి ఉంటే తొడ కండ ఎందుకు కరగాలి అన్న ప్రశ్నకు ఇప్పుడు కొంత సమాధానముంది. సూక్ష్మజీవితో పోరాడే రక్షకకణాలు టీఎన్ఎఫ్ వంటి సంకేతాలను విడుదల చేస్తాయి. శరీరాన్ని క్షీణింపజేసే గుణాన్నిబట్టి కాకెక్టిన్ అని పేరు పెట్టిన అణువు, ఈ టీఎన్ఎఫ్ ఒకటేనని 1985లో తేలింది. దీర్ఘకాలిక జబ్బులో, ఆకలిలో పెరిగే కార్టిసాల్ కండరంలోని గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకాన్ని చేరుతుంది. ఆ గ్రాహకం మర్ఫ్1 వంటి జన్యువులను మేల్కొలుపుతుంది. 2001లో గుర్తించిన ఈ జన్యువులు కండర ప్రోటీన్లకు విధ్వంసపు గుర్తు తగిలిస్తాయి. విడిపోయిన ప్రోటీన్లనుండి వచ్చిన అమైనో ఆమ్లాలను కాలేయం గ్లూకోజుగా మారుస్తుంది. ప్రాణాన్ని నిలపడానికి శరీరం కండను తాకట్టు పెడుతుంది. ధాతుక్షయమన్న పాత మాట యంత్రాంగాన్ని వివరించలేదు. కాని చూడవలసినదాన్ని సరిగానే చూసింది.

క్షయ చికిత్సలో ముఖ్యమైన రిఫాంపిసిన్ కూడా ఒక కేంద్రక గ్రాహకాన్ని పట్టుకుంటుంది. 1998లో తెలిసిన పీఎక్స్ఆర్ అనే ఆ గ్రాహకం కాలేయంలో మందులను విరిచే ఎంజైములను పెంచుతుంది. అందుకే ఈ మందు వాడేవారిలో ఇతర మందులు త్వరగా ప్రభావం కోల్పోతాయి.

ఆహారం విషయంలో కూడా తూకం మళ్లీ సరిపడుతోంది. ఝార్ఖండ్‌లో జరిపి 2023లో ప్రచురించిన పెద్ద అధ్యయనం, రోగి కుటుంబానికి అదనపు ఆహారం ఇస్తే కుటుంబంలో కొత్తగా క్షయ సోకేవారు గణనీయంగా తగ్గుతారనీ, చికిత్స తొలినెలల్లో బరువు పెరిగిన రోగుల్లో మరణాలు తక్కువనీ చూపింది. ఆ ఆహారంలో బియ్యం, పప్పు, పాలపొడి, నూనె ఉన్నాయి. భారత ప్రభుత్వం 2018లో నెలకు 500 రూపాయలతో ప్రారంభించిన పోషణ సహాయాన్ని 2024 నవంబరునుండి 1000 రూపాయలు చేసింది. శానిటోరియం మంచం అనవసరమని మద్రాసు అధ్యయనం చెప్పినది నిజం. శానిటోరియం కంచం అనవసరం కాదన్నదీ నిజమే.

10. ముగింపు

పై పరిశీలనవల్ల తేలే అంశాలు:

• కండర జీవక్రియ చరిత్రలో శక్తిద్రవ్యాల ఆవిష్కరణ, నియంత్రణ యంత్రాంగాల ఆవిష్కరణ అనే రెండు దశలున్నాయి. ఏఎంపీకే, పీజీసీ-1 ఆల్ఫా, కేంద్రక గ్రాహకాల గొలుసు ఈ రెండింటినీ కలుపుతుంది.

• ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించడంలో సుబ్బారావు ఫిస్కేతో సమానభాగస్వామి. ఏటీపీకి స్వతంత్ర సహ-ఆవిష్కర్త. తెలుగు రచనలు ఈ మేరకే చెప్పడం ఆయనకు గౌరవం, పాఠకులకు న్యాయం.

• అయోడిన్, నియాసిన్, ఎ విటమిన్ లోపాలపై జరిగిన కృషి కేంద్రక గ్రాహకాల విజ్ఞానానికి ముందే వచ్చి, తరవాత దాని వెలుగులో కొత్త అర్థం పొందింది.

• క్షయ, శోష వంటి పదాలు వ్యాధినిగూర్చిన పూర్వపు పరిశీలనకు సాక్ష్యాలు. వాటిని ఆధునిక సిద్ధాంతానికి ముందస్తు రూపాలుగా చూపడం సరికాదు. కేవలం మూఢనమ్మకాలుగా తోసివేయడమూ సరికాదు.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాల ద్వారా కణం, కేంద్రకం, జీవక్రియ వంటి మాటలు కళాశాల తరగతుల్లోకి వెళ్లాయి. గ్రాహకం, సహోత్తేజకం వంటి మాటలు ఇంకా అంతగా నలగలేదు. మాట నలగాలంటే దానికి ఒక కథ, ఒక చోటు, ఒక మనిషి తోడు కావాలి. అనంతగిరి మంచాలమీద కరిగిన కండలకూ, తాండూరు గనుల్లో బండలెత్తిన కండలకూ ఒకే రసాయనం వర్తిస్తుందని తెలుగు తరగతిగదిలో చెప్పగలిగిననాడు, ఈ పదాలు అనువాదాలుగా కాక సొంతమాటలుగా నిలుస్తాయి.